ఇథియోపియా పాఠము

భూగోళశాస్త్రమనగా పర్వతముల యెత్తులను, నదుల పొడవులను, రాజధానుల పేళ్ళను బాలబాలికలచేత వల్లె వేయించుటయే యని మనలో పెక్కుమంది యభిప్రాయము. ఆ విధముగా నేర్చిన చదువు పరీక్ష ముగిసిన వారమునకే యెగిరిపోవును. చిన్ననాడు వల్లించిన రాజధానులు పెద్దవారమైన మనలో నెందఱకు జ్ఞప్తియందున్నవి? అయినను ఒక దేశమును గూర్చి చదివిన పాఠమంతయు పోవునని చెప్పరాదు. పేళ్ళు పోవును; అంకెలు పోవును; ఆ దేశపు మనుష్యులను గూర్చి మనసులో నాటుకొన్న భావము మాత్రము పోదు. అది గౌరవమైనచో గౌరవముగానే, తిరస్కారమైనచో తిరస్కారముగానే ముదిమివఱకు నిలుచును. కావున దూరదేశమును గూర్చి పాఠము చెప్పువాడు, తాను నదులను పర్వతములను మాత్రమే చెప్పుచున్నానని తలంచినను, నిజమునకు మనుష్యులను చూచు చూపును నేర్పుచున్నాడు.

ఈ సంగతి మాకు పుస్తకములవలన గాక, అమీరుపేటలో పాఠములు చెప్పుటవలన తెలిసినది. అమీరుపేటలో బోధింపబడని విద్య లేదు. మైత్రీవనము చుట్టుపట్లనున్న గోడలన్నియు శిక్షణాలయముల ప్రకటనలే. తెలుగుదేశపు నలుమూలలనుండియు యువకులు వచ్చి, ఇఱుకైన హాస్టలు గదులలో కాపురముండి, మూడు నెలలలో ఏదో యొక కంప్యూటరు విద్యను నేర్చి, బెంగుళూరికో అమెరికాకో పోవుచుందురు. ఇచ్చట ప్రతి విద్యకును ఒక వెలయు, దాని చివర ఒక యుద్యోగమును కలవు. ఉద్యోగము నీయని విద్యకు ఇచ్చట గది దొరకుటయే కష్టము. అట్టి చోట, ఒక జిరాక్సు దుకాణముపైని గదిలో, ఏడు ఎనిమిది తరగతుల బాలబాలికలకు మేము సాయంకాలములందు లెక్కలును సాంఘికశాస్త్రమును చెప్పుచున్నాము. పిల్లలలో కొందఱు అమీరుపేటవారు, కొందఱు పంజాగుట్టనుండి వచ్చువారు.

ఆ తరగతిలో ఒక బాలుడు మంచి నలుపు. తోడివారు వానిని పేరు పెట్టి పిలువరు. "ఆఫ్రికా" అని పిలుతురు. వాడును నవ్వుచునే పలుకును. ఆ నవ్వు మాకు నచ్చలేదు. పండ్రెండేండ్ల పిల్లవాడు తనను వెక్కిరించు మాటకు తానే ముందుగా నవ్వుట నేర్చుకొన్నాడనగా, వాడు ఎన్నిమారులు ఏడ్చియుండవలెను! ఒకనాడు లెక్కలు కట్టిపెట్టి, "ఆఫ్రికా యనగా నేమో చెప్పుడు" అని తరగతి నడిగితిమి. ఒకడు సింహములనెను. ఒకడు ఎడారి యనెను. ఒక బాలిక "అన్నము లేని దేశము, సార్" అనెను. ఇంకొకడు "అది చాల పెద్ద దేశము; అందఱును ఒకే భాష మాటలాడుదురు" అనెను. ఆ నల్లని బాలుడు మాత్రము ఏమియు చెప్పక బల్లమీది గీతలను చూచుచుండెను.

ఈ భావములను పిల్లలు పుట్టుకతో తెచ్చుకొనలేదు. మన యిండ్లలోనే నేర్చుకొనిరి. మంత్రసాని చేతిలోనో, నర్సు చేతిలోనో బిడ్డ కన్ను తెఱవకమునుపే, చెవితమ్మెలు చూచి ముందుముందు ఏ రంగు వచ్చునో చెప్పు ముత్తైదువలు మనలో లేరా? "ఎండలో ఆడకుము, నల్లబడుదువు" అని కూతును లోనికి పిలుచు తల్లి, కొడుకు నేల పిలువదు? పెండ్లి ప్రకటనలలో చదువుకంటె ముందు మేనిచాయ యేల వచ్చును? నీలమేఘశ్యాముడని చేతులు జోడించి కొలుచు మనము, ఆ చాయతోనే ఒక యాడుపిల్ల పుట్టినచో కట్నమునకు మఱికొంత చేర్పవలసివచ్చునని లెక్క వేయుచున్నాము. ఇది యంతయు పిల్లలు వినుచునే యుందురు. మనము గొంతు తగ్గించి చెప్పిన మాటనే వారు వీధిలో గొంతెత్తి చెప్పుదురు, భేదము అంతియే.

వెక్కిరించిన వారిని దండింపవలసినదని మా మిత్రులొకరు సలహా యిచ్చిరి. దండనవలన మాట నోటినుండి పోవును గాని మనసునుండి పోదు. తిట్టుగా వాడబడుచున్న పేరు నిజముగా ఏ నేలకు, ఏ మనుష్యులకు చెందినదో తెలిపినచో ఆ తిట్టు దానంతట అదియే మొక్కవోవునని మాకు తోచెను. పాఠ్యక్రమములో లేకున్నను, వారమునకొక సాయంకాలము చొప్పున రెండు నెలలపాటు ఒక ఆఫ్రికా దేశమును గూర్చి చెప్పుటకు నిశ్చయించితిమి.

ఖండమునంతయు చెప్పబూనక ఒకే దేశము నేల యెన్నుకొంటిమనగా, ఖండమునంతయు ఒక్క గుక్కలో చెప్పుటయే మొదటి తప్పు గనుక. ఆఫ్రికా వైశాల్యము 3 కోట్ల చదరపు కిలోమీటర్లు. మన భారతదేశమువంటివి తొమ్మిది అందులో ఇముడును. అందు 54 దేశములున్నవి. మా గదిలోని గోడపటములో గ్రీన్‌లాండు ఇంచుమించు ఆఫ్రికాయంత కనబడును. నిజమునకు ఆఫ్రికా దానికి పదునాలుగింతలు. గుండ్రని భూమిని చదునైన కాగితముపై పఱచుటకు మెర్కేటరను పటకర్త 1569 లో నావికుల సౌకర్యమునకై కల్పించిన పద్ధతిలో ధ్రువములకు దగ్గఱి భూములు ఉబ్బియు, భూమధ్యరేఖ దగ్గఱి భూములు కుంచించుకొనియు కనబడును. గోళమును చేతికిచ్చి దారముతో కొలిపించితిమి. గోడమీది పటము కూడ అబద్ధము చెప్పగలదని తెలిసికొన్న నాడు పిల్లలకు కలిగిన యాశ్చర్యము, ఆ రెండు నెలల చదువునకు మంచి పునాదియైనది.

దేశములలో ఇథియోపియాను ఎన్నుకొనుటకు కారణము మన నగరములోనే యున్నది. అరబ్బులు ఆ దేశమును హబష్ అందురు. ఐరోపావారి అబిసీనియా యను మాటయు దానినుండి పుట్టినదే. మన హబ్షీ యను మాటకు మూలమదియే. గోలకొండ కోటలో హబ్షీ కమానులున్నవి. తార్నాక చేరువనున్న హబ్సిగూడకు ఆ పేరు హబ్షీలవలననే వచ్చినదని పెద్దలు చెప్పుదురు. అమీరుపేటలో మెట్రోరైలెక్కి పంజాగుట్ట, ఇర్రంమంజిల్, ఖైరతాబాదు దాటి లకిడీకాపూలులో దిగి కొంతదూరము నడచినచో ఏ.సి. గార్డ్సు అను పేట వచ్చును. ఏ.సి. యనగా గదిని చల్లపఱచు యంత్రమని మా పిల్లలు తలంచియుండిరి! ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్సు, అనగా ఆఫ్రికా ఆశ్వికదళము, అను ఇంగ్లీషు పేరులోని తొలి యక్షరములవి. వనపర్తి సంస్థానాధీశుల కొలువులోనున్న హబ్షీ దళము పందొమ్మిదవ శతాబ్దమున నిజాము సైన్యములో చేరినదని ప్రతీతి. 1948 తరువాత సంస్థానసైన్యములు రద్దయినపుడు దళము పోయినది, పేట మిగిలినది, మనుష్యులును మిగిలిరి. సిద్దీలని పిలువబడు వారి మర్ఫా వాద్యము మన నగరపు పెండ్లి ఊరేగింపులలో నేటికిని మ్రోగుచున్నది. ఆ దెబ్బకు చిందులు వేయని పిల్లవాడు మా తరగతిలో లేడు. అది ఎవరి సొమ్మో ఎఱిగిన వాడును లేడు.

సిద్దీలందఱును ఇథియోపియావారే యని పిల్లలకు చెప్పలేదు. వారి పూర్వులు తూర్పు ఆఫ్రికాలోని నానాప్రదేశములనుండి, పెక్కుమంది బానిసలుగా, ఓడలమీద తేబడినవారు. ఆ బానిసత్వములోనుండియే మాలిక్ అంబరు వంటి మహాపురుషుడు పైకి వచ్చెను. అతడు 1548 ప్రాంతమున ఇథియోపియాలో పుట్టి, బాల్యముననే అమ్మబడి, చేతులు మాఱి దక్కనుకు చేరి, అహమ్మదునగరు రాజ్యమునకు సర్వాధికారియై, జహంగీరు సేనలను ఏండ్ల తరబడి నిలువరించెను. 1610 లో అతడు కట్టించిన ఖడ్కీ నగరమే తరువాతి ఔరంగాబాదు, నేటి ఛత్రపతి శంభాజీనగరము; 1956 వఱకు అది మన హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ నగరమునకు నేలలోపలి కాలువలతో నీరు తెచ్చినవాడును, భూమిశిస్తును క్రమపఱచినవాడును అతడే. 1626 లో చనిపోయెను. "ఆఫ్రికా" యని వెక్కిరించిన పిల్లలకు, ఆఫ్రికావాడొకడు దక్కనును ఏలినాడని తెలియుట చిన్నపాఠము కాదు.

పిల్లలను ఏ.సి. గార్డ్సునకు తీసికొనిపోయితిమి. పోవుటకు ముందు ఒక షరతు పెట్టితిమి: మనము ఒక పేటను చూచుటకు పోవుచున్నాము గాని మనుష్యులను చూచుటకు కాదు. జంతుప్రదర్శనశాలకు పోయినట్లు పోయి మనుష్యుల జుట్టును ముక్కును వేలుపెట్టి చూపువారికి భూగోళము తెలియకపోయినను నష్టము లేదు. పిల్లలు మర్యాదగానే నడచిరి. దుకాణమువద్ద కూర్చున్న ఒక వృద్ధుడు, మేమెవరమో తెలిసికొని, ఉర్దూలో కొంతయు తెలుగులో కొంతయు మాటలాడెను. "మీ తాతలది ఏ దేశము?" అని ఒక బాలిక యడిగెను. "ఎవరికి తెలియును తల్లీ! మా తండ్రి ఇక్కడ పుట్టినాడు, నేను ఇక్కడ పుట్టినాను. మీ తాతలది ఏ ఊరు?" అని అతడు తిరిగి యడిగెను. ఆ బాలిక తాతలు తూర్పుగోదావరినుండి వచ్చినవారు. హైదరాబాదునకు ఆ వృద్ధునికంటె తామే కొత్తవారని ఆ పిల్లకు అపుడు తెలిసెను.

ఇక దేశపు పాఠము. ఇథియోపియా వైశాల్యము దాదాపు 11 లక్షల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణమువంటివి పది. జనసంఖ్య 12 కోట్లు దాటినది. 1993 లో ఎరిట్రియా వేఱుపడినప్పటినుండి దానికి సముద్రతీరము లేదు; "మన తెలంగాణమునకును లేదు గదా" అని ఒక పిల్ల కనిపెట్టెను. రాజధాని ఆడిస్ అబాబా 1886 లో వెలసినది. ఆ పేరునకు అమ్హారిక్ భాషలో కొత్త పువ్వు అని యర్థము. ఆ నగరము మనకంటె భూమధ్యరేఖకు దగ్గఱ. "ఎచ్చట వేడి యెక్కువ?" అని యడుగగా అందఱును ఆడిస్ అబాబా యనిరి. కాదు, అది సముద్రమట్టమునకు 2,300 మీటర్ల పైనున్నది. మేనెలలో మన మాడుచున్నపుడు అచ్చట ఉన్నిశాలువ కప్పుకొందురు. అదే దేశములో ఈశాన్యమున దనాకిల్ అను పల్లపు నేల సముద్రమట్టమునకు 100 మీటర్లకు పైగా దిగువనుండి నిప్పులు చెఱుగును. అచ్చటి ఉప్పును పలకలుగా కోసి ఒంటెలపై తెత్తురు. వారి పెద్దవానలు జూను మొదలు సెప్టెంబరు వఱకు, అనగా మన వానకాలమే. ఆ నెలలలో ఇక్కడి రైతును అక్కడి రైతును ఆకాశమును ఒకే విధముగా చూచుచుందురు.

ఆ వానలే తానా సరస్సునుండి వెడలు నీలనైలును నింపును. ఈజిప్టునకు చేరు నైలు నీటిలో నూటికి 80 పాళ్ళకు పైగా ఇథియోపియా మిట్టలనుండి పోవునదే. అయినను 1959 లో ఈజిప్టును సూడానును ఆ నీటిని తమలో తాము పంచుకొన్నపుడు ఇథియోపియాను అడుగలేదు. 2011 లో ఇథియోపియా ఆ నదిపై గొప్ప ఆనకట్టకు పని మొదలుపెట్టి 2025 సెప్టెంబరులో ప్రారంభోత్సవము చేసెను. దానికై ప్రజలు, చిన్న జీతగాండ్రు సహితము, బాండ్లు కొని ధనమిచ్చిరి. ఎగువవారి హక్కెంత, దిగువవారి భయమెంత యను తగవు నేటికిని తీఱలేదు. ఈ పాఠమునకు వ్యాఖ్యానమే అక్కఱలేకపోయెను. కృష్ణానీటికై మహారాష్ట్రము, కర్ణాటకము, తెలంగాణము, ఆంధ్రప్రదేశము పడుచున్న తగవును ఇంట వార్తలలో వినుచున్న పిల్లలు వెంటనే రెండు పక్షములుగా చీలి వాదించిరి. ఈజిప్టు పక్షము వహించినవారిలో ఒకడు కొంతసేపటికి, "సార్, మేము ఆంధ్రప్రదేశమువారి మాట చెప్పుచున్నాము కాబోలు!" అనెను. దూరదేశము అద్దమగుట యిట్లే.

అన్నిటికంటె పిల్లలను ఆకర్షించినది లిపి. ఆఫ్రికాలో వ్రాతయే లేదని వారు నమ్మియుండిరి. ఇథియోపియాలో గీజ్ అను ప్రాచీనభాష లిపిలోనే నేటి అమ్హారిక్, తిగ్రిన్యా భాషలను వ్రాయుదురు. అందు ప్రతి హల్లునకును అచ్చులనుబట్టి ఏడు రూపములు. లె, లు, లీ, లా, లే, ల్, లో అని వరుసగా చదువుదురు. ఇది మన గుణింతము కాక మఱేమి? ఎడమనుండి కుడికే వ్రాయుదురు. బల్లపై ఆ యక్షరములను వ్రాసి చూపగా, ఏ యక్షరమునకు ఎచ్చట కాలు వచ్చినదో, ఎచ్చట మెలిక తిరిగినదో పిల్లలే కనిపెట్టి గుణింతము పూర్తిచేసిరి. ఇంగ్లీషు పిల్లవాడు ఎన్నడును చేయలేని పని అది. గుణింతము నేర్చిన తెలుగు పిల్లవానికి మాత్రమే చేతనగును.

వారి సంవత్సరమునకు 13 నెలలు: ముప్పదేసి దినముల నెలలు 12, ఐదో ఆఱో దినముల చిన్ననెల ఒకటి. వానలు వెలిసి పసుపుపచ్చని పువ్వులు పూయు సెప్టెంబరులో వారి ఉగాది. వారి సంవత్సరసంఖ్య మన వ్యవహారసంఖ్యకు ఏడెనిమిదేండ్లు వెనుక నుండును. దినమును సూర్యోదయమునుండి లెక్కింతురు. మన ఉదయపు ఏడుగంటలు వారికి ఒంటిగంట. ఇది విని నవ్విన పిల్లలను, మన జాములును ఘడియలును ఎచ్చటనుండి లెక్కింపబడెడివో ఇంట తాతగారి నడిగిరండని పంపితిమి. మఱునాడు నవ్వు లేదు. అధికమాసము వచ్చిన యేట మనకును 13 నెలలేయని ఒకడు చెప్పెను.

ఆహారవిషయము చెప్పుటకు భయపడితిమి. ఏలయన పరదేశీయుల తిండిని గూర్చి అసహ్యించుకొనుట మనలో మర్యాదగా చెల్లుచున్నది. టెఫ్ అనునది గసగసాలకంటె పెద్దది కాని ధాన్యము. దాని పిండిని కలిపి రెండు మూడు దినములు పులియబెట్టి, వెడల్పైన మట్టిపెనముపై గుండ్రముగా పోసి, మూతవేసి ఒకవైపే కాల్తురు. దానిపేరు ఇంజెరా. దానిపైని పప్పును కూరలును వడ్డించుకొని, ఒకే పళ్ళెము చుట్టు కూర్చుండి, కుడిచేతితో తిందురు. ప్రియమైనవారికి ఒక ముద్ద కలిపి నోట పెట్టుట వారి ఆచారము. దానిని గుర్షా యందురు. "గోరుముద్ద!" అని తరగతియంతయు అఱచెను. అరకులోయలో మన గిరిజనులు పండించుచున్న అరబికా కాఫీకి పుట్టినిల్లు ఇథియోపియా యడవులే. అచ్చటి గృహిణి అతిథి యెదుటనే పచ్చిగింజలను వేయించి, దంచి, కాచి, మూడుమారులు పోయును. ఆ మూడు గిన్నెలును త్రాగకుండ లేచుట మర్యాద కాదు.

అయినను పోలికలనే చెప్పుచు పోవుటయు ఒక విధమైన మోసమే. మనవలె నున్నారు గనుకనే వారిని గౌరవింపుడని చెప్పినచో, మనవలె లేనివారి గతియేమి? కావున మనకు లేనివియు చెప్పితిమి. క్రైస్తవమతము నాలుగవ శతాబ్దముననే ఆక్సూము రాజులు స్వీకరించినది. ఐరోపాలోని పెక్కుదేశములు దానిని వినకమునుపే. లాలిబెలాలో కొండరాతిని పైనుండి క్రిందికి తొలిచి చెక్కిన 11 దేవాలయములున్నవి. ముసల్మానులు జనములో మూడవపాలు. భాషలు 80 కి పైగా. ఒరోమోలు, అమ్హారాలు, తిగ్రాయివారు, సోమాలీలు, సిడామాలు తమతమ గౌరవమునకై పెనుగులాడుచున్నారు. 1995 నాటి రాజ్యాంగము రాష్ట్రములను చాలవఱకు భాషలనుబట్టి యేర్పఱచెను. 2019 లో సిడామాలు ఓటు వేసి మఱుసటి యేట ప్రత్యేకరాష్ట్రమును పొందిరి. 1953 నాటి ఆంధ్రరాష్ట్రమును, 2014 నాటి తెలంగాణమును ఎఱిగిన యిండ్ల పిల్లలకు ఈ కోరిక ఎట్టిదో వివరింపనక్కఱలేదు.

1896 మార్చి 1 వ తేదీన ఆడువా యుద్ధములో మెనెలిక్ చక్రవర్తి సేన ఇటలీ సేనను ఓడించెను. రాణి తైతూ తానును సేనతో యుద్ధభూమికి నడచెను. మన దేశము పరాధీనమై యున్న ఆ కాలమున ఆఫ్రికా దేశమొకటి ఐరోపా రాజ్యమును యుద్ధములో గెలిచి స్వతంత్రముగా నిలిచినదన్నమాట! 1935 లో ఇటలీ మరల వచ్చి విషవాయువును ప్రయోగించి 1936 లో దేశము నాక్రమించినపుడు, హైలే సెలాసీ చక్రవర్తి జెనీవాలో నానాజాతిసమితి యెదుట నిలిచి న్యాయమడిగెను. సమితి వినియు విననట్లుండెను. 1941 లో ఆ దేశము విడిపింపబడినపుడు కెరెన్ కొండలలో పోరాడి ప్రాణములిచ్చినవారిలో మన భారతీయ సైనికులనేకులు. 1960 లో రోము నగరమున ఒలింపిక్ మారథాను పరుగును చెప్పులు లేని కాళ్ళతో గెలిచిన అబేబే బికిలా ఆ దేశస్థుడే. ఈ మాట చెప్పిన సాయంకాలమున, ఎప్పుడును ప్రశ్న వేయని మా నల్లని బాలుడు, "ఆయన అంతకుముందు ఏమి పని చేసెడివాడు, సార్?" అని యడిగెను. చక్రవర్తి కావలిదళములో సైనికుడని చెప్పితిమి. ఆ రాత్రి వాడు ఇంటికి పరుగెత్తుచు పోయెనని మఱునాడు తోడివారు చెప్పిరి.

కఱవును దాచితిమా? దాచలేదు. 1984, 85 సంవత్సరములలో లక్షలమంది అచ్చట ఆకలితో చనిపోయిరి. 2020 మొదలు 2022 వఱకు తిగ్రాయిలో ఘోరమైన అంతర్యుద్ధము జరిగెను. కాని ఆ బొమ్మలతోనే పాఠము మొదలుపెట్టి వానితోనే ముగించు పద్ధతిని మేము మన్నింపజాలము. 1876, 78 నడుమ వచ్చిన ధాత కఱవులో రాయలసీమలో మనుష్యులు ఎముకలగూళ్ళై రోడ్లమీద పడియుండిరి. ఆనాటి ఛాయాచిత్రములు నేటికిని ఉన్నవి. పరదేశపు పాఠశాలయందు తెలుగువారిని గూర్చి చెప్పునపుడు ఆ ఛాయాచిత్రమును మాత్రమే చూపి, "వీరు అన్నము లేనివారు" అని చెప్పి పుస్తకము మూసినచో మనకెట్లుండును? వేమన లేడు, త్యాగరాజు లేడు, కాటన్ ఆనకట్ట లేదు, మన యమ్మలు లేరు, ఎముకలగూళ్ళే యున్నవి! అన్నము లేని దేశమని చెప్పిన బాలిక ఆనాడు తలవంచుకొనెను. కఱవు ఒక దేశమునకు వచ్చిన కష్టము గాని, ఆ దేశస్థుల స్వభావము కాదు.

పాఠములు ముగియవచ్చినపుడు ఒక సంగతి జరిగెను. పంజాగుట్టనుండి వచ్చు ఒక బాలిక యింటివారికి, అపార్టుమెంటులో తమ యింటికి తోడు ఇంకొక చిన్న పోర్షను అద్దెకిచ్చునది కలదు. వైద్యమునకై తల్లిని తీసికొని ఇథియోపియానుండి వచ్చిన యువకుడొకడు, ఆసుపత్రికి దగ్గఱగా రెండు నెలలకు గది కావలెనని, ద్వారమునకు కట్టిన టూ-లెట్ పలకను చూచి వచ్చెను. "వారు ఏమేమి తిందురో!" అని నాయనమ్మగారనిరి. "అట్లు, పప్పు తిందురు నాయనమ్మా! వారిలో సనాతన క్రైస్తవులు బుధ శుక్రవారములందు మాంసమును, గ్రుడ్లను, పాలను ముట్టరు. నీ శనివారము వంటిదే" అని మనుమరాలు చెప్పెను. ఆమెగారు విని, "అట్లయిన ఇచ్చిన తప్పేమి? తల్లిని కనిపెట్టుకొని వచ్చిన పిల్లవాడు" అనిరట. తండ్రియు సమ్మతించెను. కాని ఆ కట్టడపు సంఘము సమ్మతింపలేదు.

బాలిక తండ్రి కోరగా మేమును సంఘమువారివద్దకు పోయితిమి. కార్యదర్శి మర్యాదస్థుడు, కాఫీ యిచ్చెను. తనకు ఆక్షేపణ లేదనియు, ఇతరులు ఒప్పుకొనరనియు చెప్పెను. ఆ ఇతరులను ఒక్కొక్కరిని కలిసికొంటిమి. ప్రతివారును తమకు ఆక్షేపణ లేదనియు, ఇతరులే ఒప్పుకొనరనియు చెప్పిరి. ఇతరులెవరో కట్టడమంతయు వెదకినను దొరకలేదు. ఆ తల్లియు కొడుకును దూరముననున్న వేఱొక పేటలో ఎక్కువ అద్దెకు గది తీసికొనిరి. జబ్బుమనిషిని దినదినమును ఆటోలో తేవలసివచ్చెను. నాయనమ్మగారు ఆ యువకునిచేత ఫోను నంబరు వ్రాయించుకొని, రెండుమారులు అట్లు పోయించి పంపిరట. అదియే ఆ పాఠమునకు కలిగిన ఫలము. చిన్నదే, కాని మా లెక్కలో పరీక్షమార్కులకంటె పెద్దది.

ఈ యుదాసీనత ఎచ్చటికి దారితీయునో మనమెఱుగనిది కాదు. 2016 లో ఢిల్లీలో ఆటో బాడుగ తగవులో కాంగో దేశపు యువకుడొకడు కొట్టి చంపబడెను. 2017 లో గ్రేటరు నోయిడాలో మూకలు ఆఫ్రికా విద్యార్థులపై బడి కొట్టెను. కొట్టినవారు రాక్షసులు కారు. "నాకు ఆక్షేపణ లేదు" అని చెప్పినవారి బిడ్డలే. పరదేశములలో మన పిల్లలకు రంగునుబట్టి అవమానము జరిగినపుడు మనము పత్రికలలో మండిపడుదుము. ఆ మంట న్యాయమైనదే. అయితే మన వీధిలో దానికి హక్కుదారులముగా నుండవలెను.

"మన జిల్లాలనే ఎఱుగని పిల్లలకు ఇథియోపియా యేల?" అని ఒక తండ్రి మమ్మడిగెను. ఇథియోపియా చెప్పుటకు పూనినందుననే వారు కృష్ణానీటి తగవును, ధాత కఱవును, వనపర్తి దళమును, తమ తాతల ఊళ్ళను తెలిసికొనిరని చెప్పితిమి. ఇంకొకరు "దీనివలన ఉద్యోగమేమి?" అనిరి. హైలే సెలాసీ కాలమునుండియు భారతీయులైన ఉపాధ్యాయులనేకులు ఆ దేశపు పాఠశాలలలో పని చేసిరి. తరువాత మన తెలుగు ఆచార్యులును అచ్చటి విశ్వవిద్యాలయములలో జీవనము చేసిరి. అచ్చటి విద్యార్థులు విశాఖపట్టణమునకు వచ్చి పట్టములు పొందిరి. వారు మన గురువులకు ఇల్లిచ్చిరి గదా! కాని ఉద్యోగమును చూపి ఈ విద్యను అమ్ముట మాకిష్టము లేదు. తోడిమనిషిని మనిషిగా చూచుటకు జీతము ముట్టవలెనా?

ఇపుడు మా తరగతిలో ఆ బాలుని పేరుపెట్టియే పిలుచుచున్నారు. వీధిలో నెట్లు పిలుచుచున్నారో మేము పూచీపడజాలము; వీధి మా చేతిలో లేదు. అది చదువరుల చేతిలో నున్నది. గోళమొకటి కొని యింట నుంచుడు; పిల్లలు వార్తలలో విన్న దేశమును దానిపై వెదకనిండు. బిడ్డ చెవితమ్మెలు చూచువారిని మెల్లగా వారింపుడు. పెండ్లి మాటలలో మేనిచాయ ప్రస్తావన వచ్చినపుడు పిల్లల యెదుటనే కాదనుడు. ద్వారమునకు టూ-లెట్ పలక కట్టునపుడు, ఎవరు వచ్చినను ఏమి చెప్పవలెనో ముందుగానే యింటిల్లిపాదియు కూర్చుండి నిశ్చయించుకొనుడు. సంఘములో ఆ ప్రశ్న వచ్చిననాడు "ఇతరులు" అను మాటను నోట రానీయక, "మాకు సమ్మతమే" అని మొదట చేయెత్తువారు మీరు కండు. ఒక చేయి లేచినచో రెండవది లేచుట సులభము.